ఆవు లేవలేదు... ఇల్లు నిద్రపోలేదు

నెలలు నిండిన సూడి ఆవు. రేపో మాపో ఈనుతుందనగా కొట్టంలో కూలబడింది. డాక్టరు వచ్చి సూది వేసి వెళ్లాడు. ఆ తర్వాత ఏం చేయాలి? చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఎన్నో కుటుంబాలు ఏదో ఒక రోజు ఎదుర్కొనే ప్రశ్న ఇది.

సూడి ఆవు పొద్దున్నే లేవలేదంటే ఆ కబురు పాలక్యాను కంటే ముందే పాలకేంద్రానికి చేరిపోతుంది. కాసేపటికి కొట్టం చుట్టూ పదిమంది. ఒకరు తోక మెలిపెడతారు. ఇంకొకరు కొమ్ములు పట్టి లాగుతారు. మరొకరు సీసాలో ఏదో కలిపి తెచ్చి నోట్లో పోస్తారు. ఎవరి వైద్యం వాళ్లది! ఆ ఇంటి ఇల్లాలు మాత్రం ఆవు తల దగ్గర కూర్చుని గంగడోలు నిమురుతూ ఉంటుంది. పాల బిల్లు వస్తే ఎవరి ఫీజు కట్టాలో, ఏ సంఘం అప్పు తీర్చాలో లెక్క తెలిసింది ఆమెకే.

చినుకు పడితే వేరుశనగ, పడకపోతే అప్పు... ఈ ప్రాంతపు సేద్యం తీరది. అందుకే పల్లె ఇల్లు పాడిని నమ్ముకుంది. 2002లో చిత్తూరు విజయా డెయిరీ మూతపడినా ఆవుల్ని అమ్ముకుని ఎవరూ ఊరుకోలేదు. ప్రైవేటు డెయిరీల బండ్లు ఊరూరా తిరిగాయి. కొట్టాల్లో జెర్సీ, హెచ్ఎఫ్ సంకర ఆవులు పెరిగాయి. మంచి పాడి ఆవు కొనాలంటే అర లక్ష పైచిలుకే. చూడి కట్టిన దగ్గర్నుంచి ఈనే దాకా దాదాపు 280 రోజులు. చివరి రెండు నెలలు ఎలాగూ పాలుండవు. మేపుడే మేపుడు. ఆ ఖర్చంతా తిరిగి వచ్చే వేళకు ఆవు కూలబడితే... పోయేది ఒక్క ప్రాణం కాదు, రెండు.

పడక ఒకటే, కారణాలు వేరు

ఎక్కువగా వినిపించే పేరు పాలజ్వరం. పేరులోనే జ్వరం. ఒళ్లు మాత్రం చల్లబడిపోతుంది! చెవులు చల్లగా, ముట్టె పొడిగా, మెడ ఒక పక్కకు తిప్పి డొక్కకు ఆనించి పడుకుంటుంది. పేడ వేయదు. రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోవడమే ఇందుకు కారణం. మూడో ఈత దాటిన, పాలు దండిగా ఇచ్చే ఆవుల్లో ఎక్కువ. సాధారణంగా ఈనిన రెండు మూడు రోజుల్లోపు వస్తుంది. కొన్నిటికి ఈనకముందే వస్తుంది. డాక్టరు కాల్షియం నరానికి ఎక్కిస్తే కాసేపటికే లేచి నిలబడే ఆవులున్నాయి. చూసేవాళ్లకు అదో మహిమలా ఉంటుంది.

ఆ మహిమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. పడిపోయిందంటే కాల్షియమేనని మందుల షాపులో సీసా కొని, సూది వేయడం కాస్త తెలిసినవాడితో గబగబా ఎక్కించేస్తారు. కాల్షియం వేగంగా నరంలోకి వెళితే ఆవు గుండె ఆగిపోతుంది. అందుకే డాక్టరు సీసాను గోరువెచ్చగా చేసి, గుండె చప్పుడు వింటూ, నెమ్మదిగా ఎక్కిస్తాడు.

పైగా పడిపోవడానికి కారణం అదొక్కటే కాదు. భాస్వరం తగ్గినా లేవదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలతో రక్తం విరిగిపోయినా లేవదు. సంకర ఆవులకు ఈ పిడుదు జ్వరాల బెడద ఎక్కువ. మూత్రం కాఫీ రంగులోకి మారితే అది పెద్ద హెచ్చరిక. ఎండాకాలమంతా వట్టి వరిగడ్డితో నెట్టుకొచ్చిన ఆవు, కడుపులో దూడ పెరిగేకొద్దీ తన కండనే కరిగించుకుని కూలబడుతుంది. గచ్చు మీద జారి తుంటి దెబ్బతిన్నదీ ఉంటుంది. గర్భసంచి మెలిక పడితే మరో కష్టం. ఆవు అటూ ఇటూ తిరుగుతూ, నొప్పులు పడుతూ ఉంటుంది కానీ ఈనదు. అప్పుడు ఆవును పడుకోబెట్టి, డొక్క మీద పొడవాటి పలక వేసి, దాని మీద మనిషి నిలబడితే, మిగతావాళ్లు ఆవును దొర్లిస్తారు. లోపలి మెలిక విడిపోతుంది. మోటుగా కనిపించినా పశువైద్య కళాశాలల్లో నేర్పే పద్ధతే అది. ఎటువైపు దొర్లించాలో చెయ్యి పెట్టి చూసిన డాక్టరుకే తెలుస్తుంది. సొంత ప్రయోగం వద్దు.

సూది తర్వాతే అసలు చాకిరీ

మందు ఎక్కించడం అరగంట పని. ఆ తర్వాత ఒక రోజో, వారమో ఆవు పడకలోనే ఉంటే? అక్కడే చాలా ఆవులు పోతాయి. మొదట వచ్చిన జబ్బు తగ్గిపోయినా, పడుకున్న తీరే చంపుతుంది. నాలుగు వందల కిలోల బరువు ఒకే కాలి మీద గంటల తరబడి పడితే కింది కండకు రక్తం ఆడదు. కండ చచ్చుబడుతుంది. ఇక కాల్షియం సరిపోయినా కాలు నిలవదు.

అందుకే మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. రాత్రీ పగలూ. ఒంటి మీదికి తెచ్చుకున్నట్టే! నలుగురు మనుషులు కావాలి. అర్ధరాత్రి రెండు గంటలకు పొరుగింటి తలుపు తట్టాలి. పల్లెలో తలుపు తెరిచేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టే ఈ వైద్యం సాగుతోంది.

సిమెంటు గచ్చు మీద ఉంచకూడదు. ఇసుక గానీ, మందంగా వరిగడ్డి గానీ పరవాలి. ఒక పక్కకు బారుగా పడిపోనివ్వకూడదు. పొట్టలో గ్యాసు పట్టి ఊపిరాడదు. గడ్డి కుక్కిన గోనె సంచులు అటూ ఇటూ ఆనించి, రొమ్ము మీద కూర్చున్నట్టు నిలపాలి. నీళ్ల తొట్టి, పచ్చగడ్డి మూతికి అందేంత దగ్గరలో పెట్టాలి. తల పైకెత్తలేని ఆవుకు సీసాతో గంజి, కషాయం పోస్తే తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రేమతో చేసే ఈ పనే న్యుమోనియా తెచ్చి ప్రాణం తీస్తుంది. వెనక కాళ్లు బాగా రుద్దాలి. లేవడానికి తంటాలు పడుతుంటే కాళ్లు చెరోవైపు జారిపోకుండా రెండింటికీ కాస్త ఎడం ఉంచి మెత్తటి పలుపు కట్టాలి. పొట్ట కింద వెడల్పాటి పట్టా వేసి లేపి, కాసేపు నిలబెట్టి మళ్లీ దించాలి. వేలాడదీసి వదిలేయకూడదు.

వీటిలో ఏ ఒక్కటీ చీటీ మీద రాసి మందుల షాపులో కొనేది కాదు. చాలా ఇళ్లలో ఇది ఆడవాళ్ల పనే. ఎందుకోగానీ పశువైద్య శిబిరాల్లో కుర్చీల్లో కనిపించేది మాత్రం మగవాళ్లే.

తల్లా... బిడ్డా?

రోజులు గడిచినా ఆవు లేవకపోతే డాక్టరు ఇంకో మాట అడుగుతాడు. సూదులిచ్చి ముందే ఈనేట్టు చేద్దామా అని. కడుపు బరువు దిగితే తల్లి కోలుకునే వీలుంటుంది. గడువుకు రెండు వారాల లోపే అయితే దూడ కూడా బతికే అవకాశం ఉంది. అంతకంటే ముందైతే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే చూడి కట్టించిన తేదీ క్యాలెండరు మీద రాసి ఉంచుకున్న ఇంటికి ఆ రోజు దాని విలువ తెలుస్తుంది. అంచనాగా చెప్పే 'తొమ్మిదో నెలనుకుంటా' అక్కడ పనికిరాదు.

దూడ కడుపులోనే చనిపోయినా, ఈసుకుపోయినా వట్టి చేతుల్తో దాన్నీ మాయనూ ముట్టకూడదు. బ్రూసెల్లోసిస్ ఉంటే మనుషులకూ అంటుతుంది. పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి టీకా వేయిస్తే ఆ బెడద తగ్గుతుంది.

కష్టమైన కేసులకు ఈ ప్రాంతంలో పెద్ద దిక్కు తిరుపతి పశువైద్య కళాశాల. 1955లో మొదలైంది. 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైంది. అక్కడి ఆస్పత్రిలో విద్యార్థులకు పాఠం, రైతుకు వైద్యం ఒకేచోట. అయితే పడిపోయిన ఆవును ఇంటి నుంచి బండెక్కించడమే సగం యుద్ధం. 2022 మేలో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనాల్లో హైడ్రాలిక్ లిఫ్టు పెట్టింది ఇందుకే. వాటిని పిలిచే నంబరు 1962.

పలమనేరు పరిశోధన కేంద్రంలో పెంచే పుంగనూరు పొట్టి ఆవును చూస్తే ఇదంతా విడ్డూరంగా తోస్తుంది. మూడడుగులు మించని ఎత్తు, రెండొందల కిలోల లోపు బరువు. పక్క మార్చాలంటే ఇద్దరు చాలు. కానీ అది ఇచ్చే పాలతో పాలబిల్లు రాదు కదా!

అసలు ఆవు పడకముందే చేయగలిగింది ఒకటుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది. చివరి నెలలో బలం కోసమని సీసాలకు సీసాలు కాల్షియం తాగించడం మానాలి. అవసరమైనప్పుడు ఎముకల్లోంచి కాల్షియం తీసి రక్తంలోకి పంపే ఏర్పాటు ఆవు ఒంట్లోనే ఉంది. రోజూ పైనుంచి పోస్తుంటే అది బద్ధకిస్తుంది. ఈనిన రోజు జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా దిగిపోతే, ఆ ఏర్పాటు మేలుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజుల్లోనే ఆవు కూలబడేది. చివరి నెలలో మేత, లవణాలు ఎంతెంతో డాక్టరును అడిగి పెట్టాలి. కాల్షియం సీసా అవసరం ఈనిన తర్వాత.

ఈనిన మొదటి రెండు మూడు రోజులు పొదుగు పూర్తిగా పిండేయకుండా కొంత వదిలేయమంటారు. దూడకు మాత్రం మొదటి గంటలోపే జున్నుపాలు పట్టాలి. వీధిలో పంచేది ఆ తర్వాత మిగిలింది.