యంత్రానికి కోయగూడెం తెలియదు

సాయంత్రం పూట భద్రాచలం కరకట్ట మీదుగా నడిచి వెళితే, మెట్ల మీద నలుగురైదుగురు కుర్రాళ్లు తలలు దగ్గర పెట్టుకుని ఒకే ఫోనులోకి చూస్తూ కనిపిస్తారు. గోదావరి వంక చూసేవాడు ఒక్కడూ వుండడు. ఫోనులో తుపాకీ ఆట సాగుతూ వుంటుంది. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో వుండి చదువుకుంటున్న ఒక కుర్రాణ్ణి కదిలించాం. "ఏం తమ్ముడూ, ఈ ఆట ఎవరు చేసిండ్రో తెల్సా?" అంటే, "తెల్వదు సార్, ఎవరో ఫారినోళ్లు" అన్నాడు తలెత్తకుండానే. "మన కోయోళ్ల కథతో ఆట వస్తే ఆడతావా?" అనేసరికి తలెత్తాడు.

"వస్తదా సార్?"

రావచ్చు. ఆ మాటకొస్తే మనల్ని అడగకుండానే, మన ఊరి పొలిమేర తొక్కకుండానే ఎవరో ఒకరు తయారుచేసి తెచ్చే రోజులు వచ్చాయి. అదెలాగో చెప్పుకుందాం.

వీడియో ఆట తయారీ అంటే మొన్నమొన్నటి దాకా సినిమా తీసినంత పని. కథ రాసేవాళ్లు, మనుషుల్నీ చెట్లనీ రాళ్లనీ గీసేవాళ్లు, ఆ బొమ్మలను నడిపించేవాళ్లు, సంగీతం కట్టేవాళ్లు, గొంతు ఇచ్చేవాళ్లు, వీటన్నిటినీ కలిపి కంప్యూటరుకు అర్థమయ్యే భాషలో ప్రోగ్రాం రాసేవాళ్లు కావాలి. హైదరాబాదులో ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ 2017లో 'అసుర' అనే ఆటను విడుదల చేసింది. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో 'రాజీ' తెచ్చారు. రెండూ మన పురాణాల వాసన వున్న ఆటలే. రెండూ కొద్దిమంది కలిసి ఏళ్ల తరబడి చేసినవే.

2022లో ఈ లెక్క మారింది. కావలసినదేమిటో మాటల్లో రాసి ఇస్తే బొమ్మ గీసి ఇచ్చే యంత్రాలు ఆ ఏడాది జనం చేతికి వచ్చాయి. నవంబరులో చాట్ జీపీటీ వచ్చింది. ఆ వెనుకే పాట కట్టేవి, గొంతును అనుకరించేవి, ప్రోగ్రాం రాసిపెట్టేవి వరసకట్టాయి. పత్రికలు కృత్రిమ మేధ అని రాస్తున్నాయి, జనం ఏఐ అంటున్నారు. "సాలవృక్షాల అడవి, సంజ వేళ, పొగమంచు" అని రాస్తే చాలు, క్షణాల్లో నాలుగు బొమ్మలు వచ్చి పడతాయి. ఆటలు చేసేవారికి ఇది చిన్న సాయం కాదు. పదిమంది చేసే పనికి ఇద్దరు సరిపోతారు. మిగిలిన ఎనిమిదిమంది సంగతి ఏమిటనేది వేరే ప్రశ్న. ఖమ్మం, కొత్తగూడెం వైపు నుంచి హైదరాబాదు వెళ్లి యానిమేషన్ కోర్సులలో చేరుతున్న మన పిల్లలు మొదట దొరికే చిన్న ఉద్యోగాలుగా ఎదురుచూస్తున్నది ఆ రంగులు వేసే పనులకోసమే. ఇక్కడ ఫీజులు కట్టే తండ్రులు ఈ ముక్క ఒకసారి ఆలోచించాలి.

అడిగితే వచ్చిన బొమ్మ

ఊరికే చెప్పడమెందుకని అటువంటి యంత్రాన్ని ఒకదాన్ని మేమే పరీక్షించి చూశాం. "గోదావరి ఒడ్డున కోయగూడెం, పండగ రోజు" అని అడిగాం. ఏరు బాగానే వచ్చింది. కొండలు కూడా ఫరవాలేదు. ఇళ్లు మాత్రం ఏ దేశానివో చెప్పలేని గుండ్రటి గడ్డి గుడిసెలు. మనుషుల తలల మీద అమెరికా రెడ్ ఇండియన్ల ఈకల కిరీటాలు. చేతుల్లో ఈటెలు. అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, డోలు మెడలో వేసుకుని ఆడే కొమ్ము నృత్యం దానికి తెలియదు. ఇప్పచెట్టు అంటే మర్రిచెట్టు గీసింది. రేలా పాటకు వరస కట్టి ఆడే ఆడవాళ్ల స్థానంలో సినిమా నాట్యకత్తెలను నిలబెట్టింది.

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. అది ఇంటర్నెట్టులో పోగుపడిన కోట్లాది బొమ్మలను, వాటి కింద రాసి వున్న మాటలను చూసి నేర్చుకుంటుంది. అక్కడ 'గిరిజనులు' అన్న మాట పక్కన ఏ బొమ్మలు ఎక్కువగా వుంటే వాటినే తిరగేసి ఇస్తుంది. కోయభాష మాట్లాడేవారు 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 4 లక్షల మంది. ఆ భాషలో ఇంటర్నెట్టులో వున్న రాత చాలా తక్కువ. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025 సెప్టెంబరులో 'ఆదివాణి' అనే అనువాద సాధనాన్ని ప్రారంభించింది. ఢిల్లీ ఐఐటీ ముందుండి నడిపిన ఆ పనిలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా పాలుపంచుకుంది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలు చేర్చారు. గోండీకి దగ్గరి చుట్టమైన కోయకు అందులో చోటు దక్కలేదు.

పడిగె విప్పితే

అయితే తెలియకపోవడం కన్నా, సగం తెలియడం ఇంకా ప్రమాదం.

కోయల వంశచరిత్రలు పుస్తకాలలో కాదు, డోలీల నోట వున్నాయి. వేల్పుల కొలుపు జరిగేటప్పుడు డోలీలు వచ్చి పడిగె విప్పుతారు. పొడవాటి త్రికోణపు గుడ్డ మీద ఆ వంశపు మూలపురుషులు, దేవతలు, జంతువులు బొమ్మలుగా వుంటాయి. ఆ బొమ్మలను చూపుతూ డోలు మీద కథ నడుపుతారు. ఏ గట్టువారి కథ ఆ గట్టువారిదే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ విద్యలో దిట్ట. సమ్మక్క సారలమ్మల కథ, కోయల పూర్వుల కథలు ఆయనకు కంఠస్థం. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు.

ఇప్పటి యంత్రాలకు ఒక మనిషి గొంతు కొద్ది నిమిషాలు వినిపిస్తే చాలు, అదే గొంతుతో ఏ మాటలైనా పలికిస్తాయి. ఎక్కడో కూర్చున్న ఆటల కంపెనీ వాడికి ఒక డోలీ పాడిన రికార్డు, ఒక పడిగె ఫోటో దొరికాయనుకోండి. ఆ గొంతుతో ఆయన ఏనాడూ చెప్పని కథ చెప్పించవచ్చు. కొలుపులో తప్ప విప్పకూడని పడిగెను ఆటలో రాక్షసుడి జెండాగా ఎగరేయవచ్చు. ఇది ఊహే గాని వట్టి భయం మాత్రం కాదు. అమెరికాలో వీడియో ఆటలకు గొంతు ఇచ్చే నటులు తమ అనుమతి లేకుండా తమ గొంతులకు నకళ్లు తీయరాదని 2024 జూలై 26న సమ్మెకు దిగి, 2025 జూన్ దాకా పట్టుబట్టారు. అనుమతి, ప్రతిఫలం అన్న రెండు మాటలు ఒప్పందంలోకి వచ్చాయి. వాళ్లకు సంఘం వుంది. డోలీలకేముంది?

అలాస్కాలో ఏం చేశారు

మంచి దారి లేకపోలేదు. ఉత్తర ధ్రువం దాపున అలాస్కాలో ఇనూపియాక్ అనే ఆదివాసులున్నారు. అక్కడి కుక్ ఇన్లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే గిరిజన సంస్థ తానే ఆటల కంపెనీ పెట్టి, 2014 నవంబరులో 'నెవర్ అలోన్' అనే ఆటను విడుదల చేయించింది. మంచు తుపాను ఎక్కడ పుడుతోందో వెతుకుతూ పోయే ఒక పిల్ల, ఆమె వెంట ఒక తెల్లనక్క. అంతే కథ. ఆ కథను పూర్వం బాగా చెప్పిన రాబర్ట్ క్లీవ్‌లాండ్ అనే పెద్దాయన అప్పటికి లేడు. తయారీదారులు ఆయన పెద్దకూతురు మిన్నీ గ్రేను వెతుక్కుంటూ వెళ్లి అనుమతి తీసుకున్నారు. ఆటలో కథ వినిపించేది ఇనూపియాక్ భాషలోనే. 2015లో బ్రిటిష్ బాఫ్టా బహుమతి కూడా వచ్చింది.

మా అభిప్రాయం ఒకటే. ప్రోగ్రాం రాయడానికి, రాళ్లూ మబ్బులూ గీయడానికి యంత్రాన్ని వాడుకోండి, తప్పులేదు. భద్రాచలం కుర్రాళ్లు ఇద్దరు కలిసి ఒక చిన్న ఆట చేయదలిస్తే దానికంటే చవకైన కూలి దొరకదు. గొంతు, పడిగె, వేల్పు - వీటి జోలికి మాత్రం అడగకుండా పోరాదు. ఆటలు అమ్మే పెద్ద అంగడి స్టీమ్, ఆట తయారీలో ఏఐని ఎక్కడ వాడారో కొనేవారికి చెప్పాలని 2024 జనవరిలో నియమం పెట్టింది. మన అడవిలో రికార్డు చేసుకోవడానికి వచ్చేవారిని కూడా ఆ ప్రశ్నే అడగవచ్చు: దీన్ని యంత్రానికి నేర్పుతారా?

చట్టం కొంత అండగా వుంది. పాతకాలపు కథ మీద ఎవరికీ కాపీరైటు వుండదు గాని, దాన్ని పాడిన మనిషికి తన పాట మీద 50 ఏళ్ల హక్కు వుంది. ఆయన ఒప్పుకోనిదే రికార్డు చేయకూడదు, అమ్మకూడదు. అచ్చం ఆయన గొంతులాగే పలికే యంత్రం సంగతి ఆ చట్టం రాసిననాడు ఎవరూ ఊహించలేదు. అందుకని కాగితం మీద వేలిముద్ర వేసేముందు అందులో ఏముందో చదివించుకోవాలి. ఆటలు, యంత్రాలు, గొంతు నకలు అన్న మాటలకు ఒప్పుకున్నట్టా, కానట్టా అని విడిగా రాయించుకోవాలి.

2014లో పోలవరం ముంపు పేరిట మండలాలు అటు ఆంధ్రకు పోయి, ఒకే గట్టువారు రెండు రాష్ట్రాలలో పడ్డారు. అడవి దాటితే ఛత్తీస్‌గఢ్, ఒడిశాలోనూ వున్నారు. అందువల్ల ఎవరు సరేనంటే సరిపోతుందన్నది చిక్కు ప్రశ్నే. దానికి ఆధారంగా షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పీసా చట్టం వుంది. ఆచారాలను, సంస్కృతిని కాపాడుకునే అధికారం గ్రామసభదేనని అందులో రాసి వుంది. ఇన్నాళ్లూ ఆ మాటను ఇసుక, గనుల వ్యవహారాలలోనే ఎక్కువగా విన్నాం. పడిగె కోసం వచ్చినవాణ్ణి గ్రామసభకు రమ్మనడానికి కూడా ఆ చట్టమే చాలు.