పసి మనసులకు ఓసీడీ సంకెళ్లు: తోటివారి తోడు ఎంతవరకు?

చేతులు కడుక్కుని వచ్చిన పిల్లవాడు నిమిషమైనా గడవకముందే మళ్లీ కుళాయి వద్దకు వెళతాడు. తలుపు గడియ వేసిన బాలిక అది పడిందో లేదోనని పదిసార్లు లేచి చూసి వస్తుంది. పెద్దలు దీన్ని మొదట శుభ్రత అని మెచ్చుకుంటారు. కొన్నాళ్లకు చాదస్తమని నవ్వుతారు. చివరకు మొండితనమని దండిస్తారు. నిజానికి ఇది ఈ మూడూ కాదు. దీనికి వైద్యశాస్త్రం పెట్టిన పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, సంక్షిప్తంగా ఓసీడీ.

దేశంలో మానసిక రుగ్మతల విస్తృతిని అంచనా వేసేందుకు బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జాతీయ సర్వే నిర్వహించింది. వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని, ఓసీడీ పీడితులు దాదాపు 0.8 శాతం ఉన్నారని ఆ సర్వే తేల్చింది. 13 నుంచి 17 ఏళ్లలోపు వారిలో మానసిక సమస్యలున్నవారు 7.3 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఈ సర్వే జరిగిన రాష్ట్రాల జాబితాలో లేకపోవడం గమనార్హం. పొరుగున ఉన్న బంగ్లాదేశ్ 2018-19లో జరిపిన సర్వేలో 7 నుంచి 17 ఏళ్లలోపు పిల్లల్లో 12.6 శాతం మందికి మానసిక రుగ్మతలున్నట్లు వెల్లడైంది. వయసులు, లెక్కింపు పద్ధతులు వేరైనందున ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చలేము. కానీ ఉపఖండమంతటా పిల్లల మానసిక ఆరోగ్యం చిన్న విషయం కాదని మాత్రం ఇవి చాటుతున్నాయి.

వడ్డీకి వడ్డీ వంటి వ్యాధి

ఓసీడీలో రెండు భాగాలున్నాయి. వద్దనుకున్నా పదేపదే మనసులోకి చొరబడే భయంకరమైన ఆలోచన మొదటిది. ఆ భయాన్ని తగ్గించుకునేందుకు చేసే చేష్ట రెండవది. చేతికి క్రిములు అంటాయన్న ఆలోచన వస్తే కడగడం, అమ్మకు ఏదో కీడు జరుగుతుందన్న ఆలోచన వస్తే లెక్క పెట్టడమో, ఒకే మాటను పలుమార్లు పలకడమో చేస్తారు. చేష్ట పూర్తికాగానే భయం కాస్త తగ్గుతుంది. చిక్కంతా ఆ ఉపశమనంలోనే ఉంది. చేష్ట వల్లే గండం గడిచిందని మెదడు నమ్ముతుంది. మరుసటిసారి భయం ఇంకా బలంగా వస్తుంది, చేష్ట ఇంకా ఎక్కువసార్లు చేయవలసి వస్తుంది. అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు చేసేవాడి గతి ఎటువంటిదో ఈ పసివాడి గతీ అటువంటిదే. అసలు తీరదు, వడ్డీ మాత్రం పెరుగుతూ పోతుంది.

ఈ రుగ్మత చాలామందిలో బాల్యంలోనో, యౌవనారంభంలోనో తలెత్తుతుంది. పిల్లలు తమ ఆలోచనలను బయట పెట్టడానికి సిగ్గుపడతారు, భయపడతారు. మడి, ఆచారం, శుచి పాటించే ఇళ్లలో మితిమీరిన కడుగుడు ఎవరి దృష్టికీ రాకపోవచ్చు. పరీక్ష రాస్తూ ఒకే వాక్యాన్ని కొట్టివేసి మళ్లీమళ్లీ రాసే విద్యార్థిని ఉపాధ్యాయులు నెమ్మదివాడనుకుంటారే తప్ప రోగి అనుకోరు. ఫలితంగా వ్యాధి మొదలైన ఏళ్లకు గానీ వైద్యుని వద్దకు చేరని వారు అనేకులు.

చికిత్స ఉంది, చేరేదెవరికి?

ఓసీడీకి చికిత్స లేదన్నది అపోహ మాత్రమే. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగులపై ఒక పద్ధతిని ప్రయోగించి ఫలితాలను ప్రకటించారు. భయపెట్టే పరిస్థితిని రోగి మెట్టు మెట్టుగా ఎదుర్కోవాలి, దానికి ప్రతిగా చేసే చేష్టను మాత్రం ఆపుకోవాలి. కాసేపటికి భయం దానంతట అదే దిగిపోతుందని రోగికి అనుభవంలో తెలుస్తుంది. నేటికీ ఓసీడీ చికిత్సకు ఇదే మూలస్తంభం.

అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల వయసున్న 112 మంది పిల్లలపై పన్నెండు వారాల పాటు జరిగిన అధ్యయన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ఈ తరహా మానసిక చికిత్సను, సెర్ట్రలీన్ అనే మందును కలిపి తీసుకున్న వారిలో 53.6 శాతం మందికి వ్యాధి దాదాపు నెమ్మదించింది. మానసిక చికిత్స ఒక్కటే పొందిన వారిలో ఇది 39.3 శాతం, మందు ఒక్కటే వాడిన వారిలో 21.4 శాతం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో 3.6 శాతం మాత్రమే. మందును వైద్యుడు రాసివ్వగలడు. కానీ అంతకంటె మేలు చేసిన మానసిక చికిత్సకు శిక్షణ పొందిన నిపుణుడు వారం వారం కూర్చోవాలి. మన దేశంలో అసలు కొరత అక్కడే ఉంది.

2024 జులైలో పార్లమెంటుకు సమర్పించిన ఆర్థిక సర్వే మానసిక ఆరోగ్యాన్ని వివరంగా చర్చించింది. దేశంలో లక్ష జనాభాకు మానసిక వైద్యులు 0.75 మంది మాత్రమే. కనీసం ముగ్గురుండాలన్నది ప్రమాణం. ఉన్న కొద్దిమందీ నగరాల్లోనే కేంద్రీకృతమై ఉన్నారు. చికిత్స అవసరమై కూడా అందనివారు, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారని నిమ్‌హాన్స్ సర్వే పేర్కొంది. చికిత్సకు, రాకపోకలకు బాధిత కుటుంబాలు నెలకు వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయలు వెచ్చిస్తున్నాయని కూడా అదే సర్వే తెలిపింది. 2012 నుంచి 2030 వరకు మానసిక రుగ్మతల వల్ల భారతదేశానికి వాటిల్లే ఆర్థిక నష్టం 1.03 లక్షల కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ధైర్యం వేరు, హామీ వేరు

వైద్యులు చాలనప్పుడు తోటివారి తోడ్పాటు ముందుకు వస్తుంది. ఒకే బాధ అనుభవించినవారు ఒకరికొకరు ఊతమివ్వడం కొత్త సంగతి కాదు. 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ ఈ సూత్రం మీదే పుట్టి ప్రపంచమంతటా విస్తరించింది. గోవాలో వైద్య విద్య లేని సామాన్యులకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటుతో బాధపడే పెద్దలకు ఆరు నుంచి ఎనిమిది విడతల పాటు సలహాలిప్పించగా మంచి ఫలితాలు వచ్చాయని 2016లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఇప్పుడు దూరప్రాంతాల వారు సైతం ఫోన్ల ద్వారా ఒకరినొకరు పలకరించుకుని ధైర్యం చెప్పుకుంటున్నారు.

అయితే ఓసీడీ విషయంలో ఈ తోడ్పాటుకు ఒక మెలిక ఉంది. నడక మొదలుపెట్టిన స్నేహితుడికి "భేష్, రేపు కూడా రా" అని చెబితే అతని అలవాటు బలపడుతుంది. అదే మంచి మనసుతో ఓసీడీ ఉన్న పిల్లవానికి "ఏమీ కాదులే, నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి" అని చెబితే బలపడేది అతని రుగ్మత. ఎందుకంటే పదిమందిని అడిగి హామీ పుచ్చుకోవడం కూడా ఈ వ్యాధిలో ఒక చేష్టే. కుళాయి కింద చేయి పెట్టడానికి, "ఏమీ కాదు కదా" అని అమ్మను ఇరవైసార్లు అడగడానికి తేడా లేదు. రెండూ క్షణకాలం ఊరటనిస్తాయి. రెండూ భయాన్ని పెంచి పోషిస్తాయి.

ఇంటిల్లిపాదీ ప్రేమతోనే ఈ ఉచ్చులో చిక్కుకుంటారు. బిడ్డ ఏడవకుండా ఉండాలని తల్లి కంచాన్ని రెండుసార్లు కడిగి పెడుతుంది. నాన్న తలుపు తానే చూసి వస్తాడు. నాయనమ్మ ఆ గదిలోకి ఎవరినీ రానివ్వదు. ఇలా కుటుంబం మొత్తం వ్యాధి నియమాలకు లోబడిపోవడం వల్ల చికిత్స ఫలితం తగ్గుతుందని నిపుణులు హెచ్చరిస్తున్నారు. అట్లాగని కసిరి కొట్టడమూ మార్గం కాదు. "నీకు భయంగా ఉందని నాకు తెలుసు. అయినా నువ్వు తట్టుకోగలవు. కాసేపు కలిసి కూర్చుందాం" అన్న మాటలో హామీ లేదు, ధైర్యం మాత్రమే ఉంది. తోటివారు నేర్చుకోవలసింది ఈ భేదాన్నే. ఇదే బాధ నుంచి కోలుకున్న మరో బాలుడు "మొదటిరోజు నాకూ చేతులు వణికాయి" అని చెప్పిన మాటకు పెద్దల ఉపన్యాసానికి లేని విలువ ఉంటుంది. అదే బాలుడు గంటగంటకూ "ఏమీ కాదు" అని చెబుతూ పోతే తెలియకుండానే కీడు చేసినవాడవుతాడు.

వ్యాయామం మందు కాదు, బలం

వ్యాయామం విషయంలోనూ ఇటువంటి వివేచనే అవసరం. 5 నుంచి 17 ఏళ్లలోపు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు శారీరక శ్రమ చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆచరణ మాత్రం నిరాశాజనకంగా ఉంది. భారతదేశంలో తగినంత శారీరక శ్రమ లేని వయోజనులు 2000 సంవత్సరంలో 22 శాతం ఉండగా 2022 నాటికి దాదాపు 50 శాతానికి చేరారని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం వెల్లడించింది. పురుషుల్లో ఇది 42 శాతం కాగా స్త్రీలలో 57 శాతం.

క్రమం తప్పని వ్యాయామం నిద్రను, ఉత్సాహాన్ని మెరుగుపరుస్తుందని, ఆందోళనను తగ్గిస్తుందని రుజువైంది. ఓసీడీ తీవ్రతపై దాని ప్రభావాన్ని పరిశీలించిన అధ్యయనాలు ఇప్పటివరకు చిన్నవే. ఓసీడీ రోగుల కోసం ప్రత్యేక యోగాభ్యాస క్రమాన్ని నిమ్‌హాన్స్ నిపుణులు రూపొందించారు. ఇవన్నీ చికిత్సకు తోడుగా నిలిచేవే తప్ప చికిత్సకు బదులు కాగలిగినవి కావు. పైగా ఓసీడీ ఉన్న పిల్లలకు వ్యాయామమే మరొక చేష్టగా మారే ప్రమాదం ఉంది. సరిగ్గా వంద గుంజీలు తీయకపోతే ఇంట్లో ఎవరికో కీడు జరుగుతుందని బెంబేలెత్తితే అది ఆరోగ్యం కాదు, రోగమే. కనుక వారికి అంకెలతో పోటీ పెట్టే వ్యాయామం కంటె నలుగురితో కలిసి ఆడే కబడ్డీ, సైకిలు సవారీ వంటివి మేలు. ఆటలో మట్టి అంటుతుంది, క్రమం తప్పుతుంది, ఓటమి ఎదురవుతుంది. వైద్యుని సలహాతో సాగితే భయాన్ని ఎదుర్కొనే సాధనకు ఆటస్థలమే వేదిక కాగలదు.

కాగితం మీద కొరత లేదు

పథకాలకు దేశంలో కొదవ లేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే ఆరంభమైంది. జిల్లా స్థాయి కార్యక్రమం 1996లో నాలుగు రాష్ట్రాల్లో ఒక్కొక్క జిల్లాతో మొదలైంది. అందులో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తర్వాత అది 767 జిల్లాలకు మంజూరైంది. 2014 జనవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రతి వెయ్యి జనాభాకు ఇద్దరు బాలురను, ఇద్దరు బాలికలను తోటివారికి ఆరోగ్య విషయాలు బోధించేందుకు ఎంపిక చేయాలి. మానసిక ఆరోగ్యం ఆ కార్యక్రమంలోని ఆరు ప్రధానాంశాల్లో ఒకటి. అంటే తోటివారి తోడ్పాటుకు ప్రభుత్వ ఆమోదముద్ర ఎప్పుడో పడింది. ధైర్యానికి, హామీకి మధ్య భేదాన్ని ఆ పిల్లలకు నేర్పడమే మిగిలింది.

మానసిక వ్యాధులకు శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించింది. అయితే మన ఆరోగ్య బీమా పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చునే భరిస్తాయి. ఓసీడీ ఉన్న పిల్లలకు కావలసింది ఆసుపత్రి మంచం కాదు, వారం వారం నిపుణునితో గంటసేపు సాధన. ఆ ఖర్చు తల్లిదండ్రుల జేబు మీదే పడుతోంది. చట్టం ఇచ్చిన సమానత్వం ఓపీ చీటీ వరకూ రాకపోతే మధ్యతరగతి కుటుంబానికి దక్కే ప్రయోజనం స్వల్పం.

2022 అక్టోబర్ 10న ప్రారంభమైన టెలీ-మానస్ సేవ కొంత ఊరట. 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగుతో సహా ఇరవై భాషల్లో ఉచితంగా సలహా లభిస్తుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు మరొక ముందడుగు. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలని న్యాయస్థానం ఆదేశించింది.

నియామకంతోనే పని పూర్తికాదు. పదేపదే కడుక్కునే పిల్లవాడిని గుర్తించగల ఉపాధ్యాయుడు, అతన్ని సరైన నిపుణుని వద్దకు పంపగల కౌన్సెలర్, నిపుణుడు చెప్పిన సాధనను ఇంట్లో సాగించగల తల్లిదండ్రులు, ఆటకు పిలిచే మిత్రులు ఒక గొలుసులోని కడియాలు. ఏ ఒక్కటి తెగినా బాలుడు మళ్లీ కుళాయి దగ్గరకే చేరతాడు. తోటివారు చెప్పే మాట నిపుణుడు లేని లోటును తీర్చలేదు. కానీ నిపుణుని గది బయట గడిచే మిగిలిన ఆరు రోజులూ పిల్లవాడు బతికేది వారి మధ్యనే. ఆ ఆరు రోజుల్లో వినిపించేది హామీయా, ధైర్యమా అన్నదాన్ని బట్టే ఏడవ రోజు చికిత్స ఫలిస్తుంది.