రేడియేషన్ అంటురోగం కాదు

"రేడియేషన్ సోకినవాళ్ళను ముట్టుకోవద్దు, పక్కన నిలబడినా మనకూ అంటుకుంటుంది." రేడియోధార్మిక ధూళిని చల్లే డర్టీ బాంబు ప్రస్తావన వచ్చిందంటే ఈ మాట కూడా వెంటే వస్తుంది. బాగా చదువుకున్నవాళ్ళూ దీన్ని నమ్ముతున్నారు. ఈ నమ్మకం ఏం చేయగలదో 1987లో బ్రెజిల్‌లోని గొయానియా నగరం చూసింది. సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం వల్ల చనిపోయిన ఆరేళ్ళ పాపను పూడ్చడానికి తీసుకొస్తే, తమ శ్మశానంలో వద్దంటూ జనం గుంపులుగా అడ్డుపడ్డారు, రాళ్ళు రువ్వారు. పాపను సీసం తాపడం చేసిన పేటికలో పెట్టే తెచ్చారు. అయినా రాళ్ళు ఆగలేదు.

గొయానియాలో ఉగ్రవాదులు లేరు, పేలుడూ లేదు. ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఒక రేడియోథెరపీ కేంద్రంలో పాత యంత్రం మిగిలిపోయింది. సెప్టెంబరు 13న ఇద్దరు తుక్కు ఏరుకునేవాళ్ళు దాన్ని విప్పి, లోపలి భాగాన్ని పట్టుకుపోయారు. అది చేతులు మారి పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరింది. అందులో ఉన్నది 93 గ్రాముల సీజియం క్లోరైడు. చీకట్లో నీలంగా మెరుస్తోందని కొట్టు యజమాని ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్నాడు, చుట్టాలకూ స్నేహితులకూ పంచాడు. కొందరు ఒంటికి పూసుకున్నారు. ఆ పాప సీజియం అంటిన చేతులతోనే తిండి తిన్నది. సంగతి బయటపడేసరికి రెండు వారాలు గడిచిపోయాయి. నగరంలోని ఒలింపిక్ స్టేడియంలో, ఇతర చోట్ల 1,12,000 మందిని పరీక్షిస్తే 249 మందిలో సీజియం జాడ దొరికింది. కొద్ది వారాల్లో నలుగురు చనిపోయారు.

ఆ తర్వాత జరిగింది రేడియేషన్ చేసిన పని కాదు. గొయానియా నుంచి వచ్చామంటే వేరే ఊళ్ళలో హోటళ్ళు గది ఇవ్వలేదు. వాళ్ళను విమానం ఎక్కించుకోవడానికి కొందరు పైలట్లు ఒప్పుకోలేదు. ఆ రాష్ట్రం నంబరు ప్లేటు కనిపిస్తే కార్లమీద రాళ్ళు పడ్డాయి. ఆ ప్రాంతపు పంటలనూ సరుకులనూ కొనేవాళ్ళు తగ్గిపోయారు. "నా ఒంట్లో సీజియం లేదు" అని వేలమంది సర్టిఫికెట్లు తీసుకుని జేబులో పెట్టుకు తిరగాల్సి వచ్చింది. ఒక్క అణువు సీజియం తగలనివాళ్ళకు కూడా భయంతో వాంతులు, దద్దుర్లు వచ్చాయి. డర్టీ బాంబు పేల్చాలనుకునేవాడు కోరుకునేది సరిగ్గా ఇదే. ఒక ఊరిని మిగతా దేశం వెలివేయాలి. అతనికి ఆ పని మనమే చేసి పెట్టాలా?

నిజం ఏమిటో వివరంగా చెప్పుకుందాం. రేడియేషన్ తగలడం వేరు, రేడియోధార్మిక ధూళి ఒంటిమీద పడటం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం దగ్గరే తప్పంతా మొదలవుతోంది. ఎక్స్‌రే తీయించుకుని వచ్చినవాళ్ళ ఒంట్లోంచి ఎక్స్‌రేలు బయటికి రావు. కోబాల్ట్ యంత్రం కింద కేన్సరు చికిత్స చేయించుకున్న తల్లి ఇంటికొచ్చి బిడ్డను నిక్షేపంగా ఎత్తుకోవచ్చు. కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతాయి, కణాలను దెబ్బతీస్తాయి. ఆ మనిషిని మాత్రం రేడియోధార్మిక పదార్థంగా మార్చవు.

ధూళి సంగతి వేరు. సున్నం పనిచేసి వచ్చిన మేస్త్రి ఒంటిమీద సున్నం ఉన్నట్టే, డర్టీ బాంబు పేలిన చోట ఉన్నవాళ్ళ బట్టలమీద, జుట్టుమీద ఆ ధూళి ఉంటుంది. దులిపితే రేగుతుంది, మనమీదా పడుతుంది. కానీ అది కడిగితే పోయే మురికి, ఒకరిలోంచి ఒకరిలోకి పాకి పెరిగే వైరస్ కాదు. పైబట్టలు విప్పేస్తేనే 90 శాతం దాకా పోతుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మిగిలింది సబ్బూ నీళ్ళతో పోతుంది. పీల్చడం వల్లో మింగడం వల్లో సీజియం ఒంట్లోకి చేరితే ఆ మనిషి చెమటలో, మూత్రంలో కొంత బయటికి వస్తుంది, నిజమే. అందుకే ఆస్పత్రి సిబ్బంది చేతికి తొడుగులు, మూతికి మాస్కు, పైన గౌను వేసుకుని సేవ చేస్తారు. జాగ్రత్త అంటే అంతవరకే. రోగిని వదిలేసి దూరంగా నిలబడమని ఏ వైద్య నిబంధనా చెప్పదు. ప్రాణం మీదికి వచ్చిన గాయం ఉంటే ముందు దానికే చికిత్స చేయాలి, కడగడం ఆ తర్వాత. అత్యవసర వైద్యంలో పాటించే వరస ఇది.

పేలుడులో కాలు తెగి రక్తం కారుతున్న మనిషి చుట్టూ జనం నిలబడి, ఒక్కరూ ముట్టుకోకపోతే అతను చనిపోయేది సీజియం వల్ల కాదు. రక్తం పోయి చనిపోతాడు. ఈ పుకారుమీద నా కోపమంతా అందుకే.

"డర్టీ బాంబు పడితే హిరోషిమానే" అనేది రెండో అపోహ. డర్టీ బాంబులో అణువిచ్ఛిత్తి జరగదు. మామూలు పేలుడు పదార్థం రేడియోధార్మిక పదార్థాన్ని చుట్టుపక్కల చల్లుతుంది, అంతే. అక్కడికక్కడే ప్రాణాలు తీసేది చాలావరకు ఆ పేలుడే. నగరం బూడిద కాదు. కొన్ని వీధులో ఒక పేటో కలుషితమవుతాయి. ఇప్పటివరకు ప్రపంచంలో ఎక్కడా ఉగ్రవాదులు డర్టీ బాంబును పేల్చలేకపోయారు. 1995 నవంబరులో చెచెన్ తిరుగుబాటుదారులు మాస్కోలోని ఇజ్మాయిలోవ్‌స్కీ పార్కులో సీజియం ఉన్న పొట్లాం పాతిపెట్టి టీవీ వాళ్ళకు చెప్పారు. దాన్ని పేల్చలేదు. పేల్చకుండానే వార్త ప్రపంచమంతా తిరిగింది, వాళ్ళకు కావలసింది దొరికింది.

ఈ రోజుల్లో ఆ పాటి పొట్లాం కూడా అక్కర్లేదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత పాకిస్తాన్‌లోని కిరానా కొండల్లో అణు లీకేజీ జరిగిందని సోషల్ మీడియా హోరెత్తింది. పాకిస్తాన్‌లోని ఏ అణు కేంద్రం నుంచీ రేడియేషన్ వెలువడలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తేల్చి చెప్పింది. పుకారు చేరిన ఫోన్లలో ఎన్నింటికి ఆ వివరణ చేరి ఉంటుంది?

ఇక అయోడిన్ ఉంటే రేడియేషన్ ఏమీ చేయదనేది మరో అపోహ. పొటాషియం అయోడైడ్ మాత్ర థైరాయిడ్ గ్రంథిని రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే కాపాడుతుంది. రియాక్టరు ప్రమాదంలో అది బయటికొస్తుంది కాబట్టే 1986లో చెర్నోబిల్ తర్వాత పోలండ్ తన పిల్లలకు అయోడిన్ పట్టించింది. డర్టీ బాంబులో ఉండే అవకాశమున్నవి సీజియం, కోబాల్ట్ లాంటివి. వాటి ముందు ఈ మాత్ర దండగ. ఒంట్లో చేరిన సీజియాన్ని బయటికి పంపడానికి గొయానియాలో వైద్యులు ప్రష్యన్ బ్లూ అనే మందు వాడారు. అది డాక్టరు ఇవ్వాల్సిందే. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత చైనాలో జనం ఎగబడి అయోడిన్ కలిపిన ఉప్పు ప్యాకెట్లు కొన్నారు. పెద్దవాళ్ళకిచ్చే ఒక మాత్రకు సమానమైన అయోడిన్ ఉప్పులోంచి రావాలంటే మూడు కిలోలకు పైగా తినాలి. అలా తింటే ఆ ఉప్పే చంపుతుంది. గాయాలకు పూసే టింక్చర్ తాగడం విషం తాగడమే. సారా రేడియేషన్‌కు విరుగుడు కాదు. గోడకు పేడ అలికితే కిరణాలు ఆగవు, ఆపేది గోడ మందమే. ఫోనులో వేసుకున్న యాప్ రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ కాదు.

ఒక్క భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయలేను. "ఈ పదార్థాలు ఎవరి చేతికైనా చిక్కవచ్చు కదా?" అని అడుగుతారు. చిక్కవచ్చు. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది కానీ నిజం. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ళ తరబడి వాడకుండా పడి ఉన్న గామా యంత్రాన్ని 2010లో తుక్కు కింద వేలం వేశారు. అందులోని కోబాల్ట్-60 మాయాపురి స్క్రాప్ మార్కెట్‌లో ముక్కలైంది. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. 2013 డిసెంబరులో మెక్సికోలో లారీ దొంగిలించినవాళ్ళకు అందులో కేన్సరు చికిత్స కోబాల్ట్ ఉందని తెలిసినట్టే లేదు. రేడియోధార్మిక పదార్థాలు పోవడం, దొంగతనం కావడం, అక్రమంగా చేతులు మారడం లాంటివి 1993 నుంచి 4 వేలకు పైగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కకెక్కాయి. వాటిలో ఎక్కువ భాగం నిర్లక్ష్యమే, కుట్ర కాదు. కానీ కుట్రదారుడికి తలుపు తెరిచేది ఆ నిర్లక్ష్యమే. మనుషులు ఎక్కువమంది చావరు కాబట్టి పెద్ద ప్రమాదం కాదనడం కూడా తప్పే. సీజియం-137 సగానికి తగ్గడానికే 30 ఏళ్ళు పడుతుంది. గొయానియాలో ఇళ్ళు పడగొట్టి, మట్టి తవ్వి తీసుకుపోవాల్సి వచ్చింది. కాబట్టి వాడకం ఆగిన యంత్రం ఉన్న ఏ ఆస్పత్రి అయినా, కళాశాల అయినా, కర్మాగారం అయినా దాన్ని మూల గదిలో పడేసి మరిచిపోవడం నేరం. అణుశక్తి నియంత్రణ మండలికి చెప్పి అప్పగించాలి.

మామూలు మనిషి చేయవలసినవి కష్టమైనవేమీ కావు. పేలుడు జరిగిన చోట రేడియేషన్ ఉందని అధికారులు చెబితే బండి తీసి ఊరు దాటాలని చూడకండి. రోడ్లమీద ధూళిలో ఇరుక్కుంటారు, అంబులెన్సులకు దారి లేకుండా చేస్తారు. ముక్కుకూ నోటికీ గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గర్లోని పక్కా భవనంలోకి వెళ్ళండి. తలుపులు, కిటికీలు మూసి ఏసీ, కూలరు ఆపేయండి. బయటినుంచి వచ్చినవాళ్ళు పైబట్టలు గుమ్మం దగ్గరే విప్పి, కవర్లో మూటగట్టి, మనుషులు తిరగని మూల పెట్టాలి. గోరువెచ్చని నీళ్ళతో, సబ్బుతో స్నానం చేయాలి. చర్మం గీసుకుపోయేలా రుద్దకూడదు. తలకు షాంపూ చాలు, కండిషనర్ వద్దు, అది ధూళిని వెంట్రుకలకు పట్టి ఉంచుతుంది. మూత లేని ఆహారం, నీళ్ళు ముట్టకండి.

గాయపడినవాళ్ళు కనిపిస్తే ముఖానికి గుడ్డ కట్టుకోండి, చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి, ముందు రక్తం ఆపండి. ఆ తర్వాత మీ చేతులు కడుక్కోండి. పాత ఇనుము కొనే అన్నలకు ఒక మాట: పసుపు మీద మూడు రెక్కల గుర్తున్న డబ్బాగానీ, సైజుకు మించి బరువుండే సీసపు పెట్టెగానీ వస్తే కోయకండి, పగలగొట్టకండి, ఇంటికి తీసుకెళ్ళకండి. అందరినీ దూరంగా పంపి 112కు ఫోన్ చేయండి.