లాసెట్‌కు నమూనా పరీక్షలెన్ని.. సాధన ఎంత?

మహబూబ్‌నగర్‌: న్యాయవిద్యలో ప్రవేశం కోరే అభ్యర్థులు చాలామంది రోజుకో నమూనా పరీక్ష రాస్తున్నారు. మార్కులు చూసుకుని మరునాడు మరొకటి మొదలుపెడుతున్నారు. ఇరవై పరీక్షలు పూర్తయినా మార్కులు తొలివారంలో ఉన్నచోటే ఉంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. థర్మామీటరు జ్వరాన్ని చూపుతుందే గానీ తగ్గించదు. నమూనా పరీక్షా అంతే. లోపాన్ని సరిదిద్దేది అంశాలవారీ సాధన. ఈ రెండింటికీ ఎంతెంత సమయం కేటాయించాలన్నది తేల్చుకోకుండా పుస్తకాలు కొన్నా, శిక్షణ కేంద్రంలో చేరినా ప్రయోజనం స్వల్పమే.

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ మూడేళ్ల, ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ కోర్సులకు లాసెట్‌ ర్యాంకే ఆధారం. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. అంటే ఒక్కో ప్రశ్నకు దక్కేది 45 సెకన్లే. అర్హతకు 35 శాతం, అనగా 42 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. అర్హత సాధించడం అంత కష్టం కాదు. విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలల్లో సీట్లు పరిమితంగా ఉన్నందున అక్కడ చోటు దక్కించుకోవడమే కష్టం. ప్రైవేటు కళాశాల ఫీజు భరించలేని గ్రామీణ విద్యార్థి నాలుగైదు మార్కుల తేడాతో ఆ సీటు చేజార్చుకుంటే ఏడాదిపాటు ఎదురుచూడక తప్పదు.

సగం మార్కులు అక్కడే

జనరల్‌ నాలెడ్జి, మెంటల్‌ ఎబిలిటీకి 30, వర్తమాన అంశాలకు 30 మార్కులు కాగా, న్యాయశాస్త్ర అధ్యయన అభిరుచి విభాగానికే 60 ఉన్నాయి. సాధనకు బాగా లొంగేది కూడా ఈ విభాగమే. ఒక ఉదాహరణ చూద్దాం. ప్రాథమిక హక్కుల రక్షణకు సుప్రీంకోర్టు 32వ అధికరణం కింద రిట్లు జారీ చేస్తుంది. హైకోర్టుకు ఆ అధికారం 226వ అధికరణం ఇస్తుంది. పైగా హైకోర్టు ఇతర హక్కుల కోసం కూడా రిట్లు జారీ చేయవచ్చు. ఈ తేడా తెలియని అభ్యర్థి ప్రతి నమూనా పరీక్షలోనూ అదే ప్రశ్నను తప్పు చేస్తూనే ఉంటాడు. ఒక సాయంత్రం కూర్చుని హెబియస్‌ కార్పస్‌, మాండమస్‌, ప్రొహిబిషన్‌, సెర్షియోరరీ, కోవారంటోలపై పాతిక ప్రశ్నలు వరుసగా సాధన చేస్తే ఆ తప్పు మళ్లీ జరగడం అరుదు.

వర్తమాన అంశాలు అలా కాదు. అవి దినపత్రిక చదవడం వల్ల రోజూ కొద్దికొద్దిగా పట్టుబడతాయి.

తప్పు ఏ రకం?

పరీక్ష రాయగానే మార్కులు లెక్కించి పక్కన పెట్టరాదు. ప్రతి తప్పూ విషయం తెలియక జరిగిందా, రెండు జవాబుల మధ్య తికమకపడి జరిగిందా, సమయం చాలక తొందరలో జరిగిందా అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. మొదటి రెండింటికీ మందు సాధన. మూడోదానికి మాత్రమే మరిన్ని పరీక్షలు అవసరం. 90 నిమిషాల పరీక్ష రాస్తే కనీసం రెండు గంటలు దాని సమీక్షకు కేటాయించాలి. అంత తీరిక లేనివారు ఆ రోజు పరీక్ష రాయకపోవడమే మేలు.

ఆరంభంలో ఒక్క పరీక్ష రాసి బలహీనతలు గుర్తించాలి. ఆపై వారానికొకటి చాలు. మిగతా రోజులు సాధనవే. చివరి మూడు వారాల్లో వారానికి రెండు, మూడుకు పెంచవచ్చు. అప్పటి లక్ష్యం వేగం. లాసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు. కనుక ఒక్క ప్రశ్నా వదలరాదు. తెలిసినవి ముందు ముగించి, చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ గుర్తించే అలవాటు గడియారం ముందు కూర్చుంటేనే వస్తుంది.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌ తీరు వేరు. హైదరాబాద్‌లోని నల్సార్‌, విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం దీని పరిధిలోనివే. అక్కడ 120 ప్రశ్నలకు రెండు గంటల సమయం ఉన్నా, దాదాపు ప్రతిదీ ఆంగ్ల గద్యభాగం చదివి జవాబివ్వవలసిందే. తప్పుకు పావు మార్కు పోతుంది. లాసెట్‌ సాధనతోనే క్లాట్‌ గట్టెక్కాలనుకోవడం సరికాదు.

పాత పేపర్లతో జాగ్రత్త

సాధనకు పాత ప్రశ్నపత్రాలను మించినవి లేవు. అయితే 2024 జులై 1 నుంచి భారత శిక్షా స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష విధించే 302వ సెక్షన్‌ ఇప్పుడు 103 అయింది. జనం నోట నానిన 420 కాస్తా 318లోకి మారింది. క్రిమినల్‌ ప్రొసీజర్‌ కోడ్‌, సాక్ష్య చట్టం స్థానంలోనూ కొత్తవి వచ్చాయి. అంతకుముందు అచ్చయిన గైడ్లలోని జవాబులను కంఠస్థం చేస్తే సాధనే శత్రువవుతుంది. ఆ పేపర్లలోని రాజ్యాంగం, కాంట్రాక్టులు, టార్టుల ప్రశ్నలను నిశ్చింతగా వాడుకోవచ్చు. నేర చట్టాల ప్రశ్నలకు మాత్రం కొత్త సెక్షన్‌ సంఖ్యను పక్కనే పెన్సిల్‌తో రాసుకుని చదవాలి.

పరీక్ష కంప్యూటర్‌పైనే జరుగుతుంది. ఇంటివద్ద కాగితంపై సాధన చేసే గ్రామీణ విద్యార్థులు చివరి దశలో కనీసం రెండు పరీక్షలైనా తెరపై రాయాలి. ఇంట్లో కంప్యూటర్‌ లేనివారు మండల కేంద్రంలోని నెట్‌ సెంటర్‌లో గంటన్నర కూర్చున్నా సరిపోతుంది.