సిమెంటు నేల నంటిన పాత తివాచీ జిగురు

మన యిండ్లలో పూర్వము నేల యన్నచో పేడతో అలికిన మట్టినేలయో, సున్నపు గచ్చో, కడప బండల పరుపో యుండెడిది. తివాచీ పెండ్లినాడు పరచి, మరునాడు దులిపి, చుట్టి అటక నెక్కించెడు వస్తువు. పట్టణపు సభాశాలలను జూచి కొందరు దానిని సిమెంటు నేలకు జిగురుతో నంటించిరి. కొన్ని వానకాలములు గడచునప్పటికి అది ముక్కి పురుగులకు నెలవగును. లాగినచో పైబట్ట వచ్చును. అడుగునున్న గోనెయు జిగురును నేలను విడువవు.

మా సావడిలో నాకు తటస్థించిన చిక్కే యిది. ఒకరి మాట విని కిరసనాయిలు పోసితిని. జిగురు కొంత కరగెను గాని, కరగినది సిమెంటు రంధ్రములలోనికి దిగెను. కంపు నెలనాళ్లు వదలలేదు. ప్రక్కగదిలో పొయ్యి వెలుగుచుండగనే యా పని చేసితినని తలచిన నిప్పటికిని ఒడలు గగుర్పొడుచును.

మొదట చేయవలసినది పరీక్ష. తివాచీని మూరెడు వెడల్పు పట్టీలుగా కోసి చుట్టి తీసివేసి, ఒక మూల జానెడు చోట మరగిన నీరు పోసి, తడిగోనె కప్పి, పావుగంట యుంచవలెను. జిగురు మెత్తబడినచో నీరే చాలును. రబ్బరు పాలతో చేసిన జిగురులు పెక్కు ఇట్లే లొంగును. పొడుగుపిడి గల గీకుడు రేకును నేలకు వాల్చి త్రోయవలెను. నిలువుగా పొడిచినచో సిమెంటు పెచ్చులూడును. ఓపిక యుండవలెను, ఒక్కనాటితో తెమలు పని గాదు.

అడుగున జిగురు తారువలె నల్లగా నున్నచో అచ్చటనే యాగుడు. గత శతాబ్దిలో అట్టి జిగురులు కొన్నింటిలో రాతినార కలిపిరి. ఆ నార ధూళియై ఊపిరితిత్తులలో చేరినచో 20, 30 ఏండ్లకు గాని రోగము బయటపడదు. అది క్యాన్సరును గూడ కలిగించును. కంటికి గుర్తు తెలియదు. పొడిగా గీకరాదు, అరగదీయరాదు, చీపురుతో ఊడ్వరాదు. పరీక్షాలయమున చూపింపవలెను, లేనిచో కదలింపక పైననే క్రొత్త నేల వేయించుట మేలు.

నల్లజిగురు లేకున్నను, యంత్రముతో సిమెంటును అరగదీయించువారు నీటితో తడిపియే చేయింపవలెను. నేను ముప్పదియైదేండ్లు బలపముతో అక్షరములు దిద్దించినవాడను. మధ్యప్రదేశములోని మందసౌరులో అట్టి బలపములు కోసిన పనివారు పలువురు ఇసుకరాతి ధూళివంటి ధూళిచేతనే సిలికోసిస్ అను వ్యాధికి గురియైరి. ఈ సంగతి నాకు ఉద్యోగము విరమించిన పిదపనే తెలిసినది.

జిగురు పోయిన పిదప నేలను కడిగి ఆరనిచ్చి, మూరెడు ప్లాస్టిక్ పట్టను పరచి, అంచులను అంటించి, ఒక పగలు, ఒక రాత్రి యుంచుడు. అడుగున నీటిబొట్లు పట్టినచో భూమినుండి చెమ్మ ఎక్కుచున్నదని యర్థము. మా సావడిలో అదియే తేలినది; తివాచీ ముక్కుటకును చెమ్మయే కారణము. దానిని మాన్పక ఏమి పరచినను నిలువదు. గీకిన పెచ్చులను తడిగా మూటగట్టి పారవేయవలెను గాని, పెంటకుప్పలో వేయరాదు, కాల్చరాదు.