కలోంజీ గింజ, మూర్ఛరోగం

అచారులో పడే కలోంజీ గింజలను ఎరుగని ముస్లిం ఇల్లు మన ప్రాంతంలో అరుదు. తెలుగులో దీనిని నల్లజీలకర్ర అంటారు. (కొన్ని అంగళ్ళలో షాజీరాను కూడ ఆ పేరుతోనే ఇస్తారు, అది వేరే గింజ.) అరబ్బీలో దీని పేరు హబ్బతుస్సౌదా. మరణం తప్ప ప్రతి వ్యాధికీ ఇందులో స్వస్థత ఉన్నదని దైవప్రవక్త (సల్లం) సెలవిచ్చినట్లు హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది.

ఈ హదీసును చెప్పి, మిర్గీ అనగా మూర్ఛరోగం గలవారికి డాక్టరిచ్చిన మాత్రలు మాన్పించి కలోంజీ నూనె పట్టేవారున్నారు. నేనెరిగిన ఒక కుటుంబం పదేళ్ళ పిల్లవానికి ఇట్లే చేసింది. మూడవ వారంలో ఆగని మూర్ఛతో వానిని ఆసుపత్రికి మోసుకుపోవలసి వచ్చింది. ఈ గింజను గురించి పరిశోధకులు నిజంగా ఏమి కనుగొన్నారో విడమరచి చెప్పడం అవసరమని అప్పుడే అనిపించింది.

మూర్ఛలో మెదడుకు కలిగే హాని ఎట్టిది? ఒక మెదడు కణం మరొక దానిని ఉత్తేజపరచడానికి గ్లూటమేట్ అనే పదార్థాన్ని వదులుతుంది. మూర్ఛ వచ్చినప్పుడు అసంఖ్యాకమైన కణాలు ఒక్కసారిగా రెచ్చిపోయి, గ్లూటమేట్ మితిమీరుతుంది. దానితో కణాలలోనికి కాల్షియం వరదవలె వచ్చి పడుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు దెబ్బతిని, ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన పదార్థాలు పుట్టి కణపు పొరలను పాడుచేస్తాయి. ఒకటి రెండు నిమిషాలలో ఆగే మూర్ఛలో సాధారణంగా ఇంత నష్టముండదు. ఐదు నిమిషాలు దాటినది అత్యవసర పరిస్థితి. అరగంట దాటితే కణాలు శాశ్వతంగా నశించవచ్చు. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ అనే భాగానికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

కలోంజీ నూనెలో థైమోక్వినోన్ అనే పదార్థమున్నది. దానిని 1963లో ఈజిప్టు శాస్త్రవేత్త ఒకరు వేరుచేశారు. ఫ్రీ రాడికల్స్‌ను అణచే గుణం దీనికున్నది. ఎలుకలలో పైలోకార్పిన్ అనే మందుతో దీర్ఘమైన మూర్ఛను కలిగించి, థైమోక్వినోన్ ఇచ్చి చూచిన చైనా పరిశోధకులు మెదడుకు హాని తగ్గినట్లు 2017లో ప్రకటించారు. విచిత్రమేమంటే ఆ పైలోకార్పిన్ కూడ ఒక దక్షిణ అమెరికా మొక్క ఆకులనుండి వచ్చేదే! మొక్కనుండి వచ్చినది గనుక హాని చేయదనే మాట ఎంత తప్పో దీనివల్లనే తెలుస్తున్నది.

ఎలుకల సంగతి అట్లుంచి మనుషుల సంగతి చూద్దాం. ఇరాన్‌లోని మష్హద్‌లో మందులకు లొంగని మూర్ఛ గల పిల్లలకు కలోంజీ కషాయసారం ఇచ్చి చూచారు. 2007లో వెలువడిన ఆ పరిశోధనను పూర్తిచేసిన పిల్లలు 20 మంది. సారం వాడిన నాలుగు వారాలలో మూర్ఛలు తగ్గినవి. అయితే ఆ పిల్లలలో ఎవరికీ పాత మాత్రలు మాన్పించలేదు. మాత్రలకు తోడుగానే సారమిచ్చారు. మన కరపత్రాలు ఈ ఒక్క మాటనే వదిలివేస్తున్నవి. తరువాత ఈజిప్టులో 30 మంది పిల్లలకు కలోంజీ నూనెనే ఇచ్చి చూడగా, చెప్పుకోదగిన తేడా కనబడలేదని 2013లో ప్రకటించారు. రెండూ చిన్న పరిశోధనలే. ఆశ ఉన్నది, నిర్ధారణ లేదు.

ఇక హదీసు మాట. అనువాదకునిగా నాకు 'కుల్లు' అనే పదంతో తరచు పని పడుతుంది. దానికి 'ప్రతి' అని వ్రాసి ఊరుకుంటే పదార్థం వచ్చినట్లే గాని భావం పూర్తిగా రాదు. ఆద్ జాతిపై వచ్చిన గాలి ప్రతి వస్తువునూ నాశనం చేసిందని ఖుర్ఆన్‌లో ఉన్నది గదా. నాశనానికి గురికాదగిన ప్రతి వస్తువునూ అని అక్కడ భావం. హదీసులోని మాటను కూడ అట్లే గ్రహించాలని 14వ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) వ్రాశారు. కలోంజీని మెచ్చుకొని, దాని ఉపయోగాలను వరుసగా చెప్పిన వారే ఆయన. హదీసును తేలికచేయడానికి ఆ మాట అన్నారని ఎవరూ అనలేరు.

మూర్ఛ మాత్రలను హఠాత్తుగా మానడమే ఆగని మూర్ఛకు ఒక ముఖ్య కారణం. కలోంజీ నూనె వాడదలచినవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి, మాత్రలు మానకుండ వాడాలి. మూర్ఛ వచ్చినప్పుడు రోగిని ఒక ప్రక్కకు పరుండబెట్టి, గడియారం చూడాలి. చేతిలో తాళాలు, నోటిలో చెంచా పెట్టవద్దు. ఆ సమయంలో నూనెగాని, జమ్‌జమ్ నీరుగాని నోటిలో పోయవద్దు. అది ఊపిరితిత్తులలోనికి పోతుంది.