రక్తము పలికిన సాక్ష్యము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అను మూడు పట్టణములును 2016 వరకు వరంగల్లు జిల్లాలోనివే. ఆ సంవత్సరము అవి జిల్లా కేంద్రములైనవి. 2022లో మహబూబాబాదునందును, 2023లో తక్కిన రెండింటియందును ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి.

ఈ ప్రాంతపు రైతొకడు పొలము నుండి వచ్చి, ఛాతీలో బరువుగా నున్నదని కూలబడెననుకొందము. చెమటలు పట్టుచున్నవి, నొప్పి ఎడమ చేతికి ప్రాకుచున్నది. ‘అజీర్తి కాబోలు, సోడా త్రాగిన తగ్గును’ అని ఇంటివారందురు. ఇట్టి మాటలతోనే విలువైన కాలము గడచిపోవును. 108 వాహనములో ఆసుపత్రికి చేర్చినచో, వైద్యుడు ముందుగా ఇ.సి.జి. తీయించును. ఆ గీతలు ఒక్కొక్కప్పుడు సంగతిని స్పష్టముగా తెలుపవు. అప్పుడు రక్తమును సాక్షిగా పిలువవలసి యుండును.

గుండె కండరములో ట్రోపోనిన్ అను మాంసకృత్తు కలదు. కండరమునకు హాని కలిగినపుడు అది రక్తములోనికి జారును. కొన్ని గంటల వ్యవధిలో మరల పరీక్షించి, దాని పరిమాణము మారుచున్నదేమో చూతురు. అయితే ట్రోపోనిన్ చెప్పునది జరిగిపోయిన కీడును. రాబోవు కీడును ముందుగా తెలుపు సాక్షులు వేరుగా నున్నారు.

గుండెకు రక్తమునందించు ధమనుల గోడలలో క్రొవ్వు ఏండ్ల తరబడి చప్పుడు లేకుండ పేరుకొనును. ఒకనాడది పగిలి, అచ్చట రక్తము గడ్డకట్టినచో త్రోవ మూసికొనిపోవును. అదియే గుండెపోటు. ఎల్.డి.ఎల్. అను కొలెస్టరాలు, చక్కెర రక్తములో హెచ్చినకొలది ఈ అపాయము హెచ్చును. ఈ సత్యము ఒక్కనాటిలో తెలిసినది కాదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణమున 1948లో ప్రారంభించి, 5,209 మంది స్త్రీపురుషులను వైద్యులు ఏండ్ల తరబడి పరీక్షించుచు వచ్చిరి. ఎవరికి జబ్బు వచ్చెను, వారి రక్తము అంతకు ముందెట్లుండెను అని ఓపికతో పోల్చి చూచిరి.

మన తెలుగు గ్రామములలోను ఇట్టి పరిశోధన జరిగినది. 1987-90 నడుమ హైదరాబాదు సమీపమున 15 గ్రామములలో గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మాను అదనపు ఆహారముగా పెట్టిరి. దగ్గరనున్న వేరు 14 గ్రామములకు ఆ పథకమప్పటికి రాలేదు. 2003-05లో, 13 మొదలు 18 ఏండ్ల ప్రాయముననున్న 1,165 మందికి రక్తమును, ధమనులను పరీక్షించిరి. చక్కెరను అదుపులో నుంచునది ఇన్సులిన్. శరీరము దాని మాట వినకుండుట మధుమేహమునకు తొలిమెట్టు. ఉప్మా పెట్టిన గ్రామముల పిల్లలలో ఆ దోషము నూటికి 20 వంతులు తక్కువగా నుండెను. వారి ధమనులు ఎక్కువ మెత్తగా సాగుచుండెను. కాని కొలెస్టరాలులోను, రక్తపుపోటులోను గట్టి భేదమేదియు కానరాలేదు. ఆ మాటను గూడ పరిశోధకులు దాచక ప్రకటించిరి. తాము కోరినది మాత్రమే చెప్పుట శాస్త్రము కాదు గదా!

గుండెజబ్బు పట్టణములలోని ధనికులదని పలువురి నమ్మకము. గోదావరి ప్రాంతపు 45 గ్రామములలో 2003-04లో మరణ కారణములను విచారింపగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే సంభవించినట్లు తేలినది. పల్లెయైనను, పట్టణమైనను ఈ వ్యాధికి భేదము లేదు.

రక్తపు సాక్ష్యమొక్కటియే తీర్పు కాదు. వయస్సు, పొగాకు, రక్తపుపోటు, కుటుంబ చరిత్ర — వీనినన్నిటిని వైద్యుడు కలిపి తూచును. అయినను తల్లి గర్భమున నున్ననాడు దొరికిన పిడికెడు ఆహారపు జాడ పదునారేండ్ల ప్రాయమున గూడ దేహములో కానవచ్చుట మరువరానిది. గుండెను కాపాడు పని ముసలితనమున గాక, బాల్యముననే మొదలు కావలెను.